చెప్పి ముట్టుకోవాల

"వదులమ్మా... నా చేతులు వదులు!"

ఆ అరుపు వినపడేసరికి నేనూ, మా అక్క కూతురు సౌజన్యా ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధి మొదట్లో ఉన్నాం. పట్టపగలు ఒంటిగంట. వీధిలో ఉలి చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగినాయి.

అరిచింది క్రాంతి కుమార్. పక్షవాతంతో మంచాన పడిన కొండయ్యను చూసుకునేవాడు. వాణ్ణి ఆ ఇంట్లో పెట్టించింది నేనే లెండి. ఎవరేం అడిగినా ఊ అనేయడం నాకలవాటు. పోయినేడు కొండయ్య భార్య సుబ్బలక్ష్మమ్మ మంచాన ఉన్నప్పుడూ వాడే. ముసలామె ముక్కులో గొట్టం పీకేస్తాంది, చేతులు కట్టేయనా అని వాడడిగితే, ఊ, కట్టేయ్ అని నవ్వినా. ఆ కట్లతోనే పోయిందామె.

వాడి పని ఇక మీద సౌజన్యది. నంద్యాలలో ఆరునెలలు నేర్చుకొని వచ్చింది. రోగిని కట్టేయకూడదంట, ఏం చేస్తామో చెప్పి, సరే అంటేనే ముట్టుకోవాలంట. బస్సు దిగేదాకా ఎగతాళి చేస్తానే ఉన్నా.

కొండయ్య ఇంట్లోకి పరిగెత్తినాం. లోపల మందుల వాసన. దాని కింద పచ్చి నెత్తురు వాసన. కొండయ్య చేతులు చీర పేలికలతో మంచానికి కట్టి ఉన్నాయి. నేల మీద క్రాంతి. వాడి మణికట్లు రెండూ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగినాయి... తోలు చీలి ఎముక బయటికొచ్చింది... ఇంకా తిరుగుతానే ఉన్నాయి.

తిప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

టప్. ఇంకో ఎముక.

సౌజన్య కట్లు విప్పబోయింది. ఆమె మణికట్టు మీద ఐదు గుంతలు పడినాయి. వేళ్లు నొక్కినట్టు... లోతుగా. నొప్పికి మోకాళ్ల మీద పడిపోయింది. పడి, గుసగుసగా అడిగింది.

"తాతా, కట్లు విప్పుతా. నీ చెయ్యి ముట్టుకోనా?"

మాట పడిపోయిన కొండయ్య రెప్పలు ఆడించినాడు.

గుంతలు ఒక్కొక్కటే పూడినాయి. ఆమె కట్లు విప్పేసరికి క్రాంతి చేతులు తిరగడం ఆగింది.

క్రాంతిని వీధివాళ్లు ఆసుపత్రికి ఎత్తుకపోయినారు. కొండయ్య కొడుకు వెంకటేష్ పని నుంచి పరిగెత్తుకొచ్చి, నెత్తురు కడిగి, పొద్దుగూకినాక అన్నం వండినాడు. అప్పటికి గానీ అందరం తినడానికి కూర్చోలేదు. సౌజన్య ప్రతి ముద్దకూ 'పెట్టనా తాతా' అని అడిగి మరీ పెడతాంది. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నా.

చెవి పక్కన చల్లగా... ముసలి ఆడగొంతు.

"నీ చెయ్యి ముట్టుకోనా, నాయనా?"

సౌజన్య తలెత్తలేదు. వెంకటేష్ పప్పు వడ్డిస్తానే ఉన్నాడు. కొండయ్య ఒక్కడే నా భుజం వెనక్కి చూసి, రెప్పలు ఆడించినాడు.

ముద్ద నోట్లోనే ఉంది. మింగితే జవాబు చెప్పాల.