వీపీఎన్ ఆన్‌లోనే ఉంది!

ధడేల్!

ముందు తలుపు గడియ ఊడిపోయింది.

లాప్‌టాప్ ఛాతీకి అదుముకుని చంటి వంటింటి కిటికీలోంచి దూకుతుంది. మోకాలు చెక్కుకుపోయింది. చూసుకునే టైమ్ లేదు.

"వెనకనించి పోతోంది... పట్టుకోండ్రా!"

చీకట్లో పరుగు... పరుగు!

సందు చివర కారు. స్టీరింగ్ ముందు వదిన.

"ఎక్కు!"

డోర్ పడకముందే కారు కదిలింది.

చంటి అన్న మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. పిల్లల సిరప్‌లో ఏం కలుపుతున్నారో వీడియో తీశాడు. వారం తిరక్కుండా గేటు ముందే కాల్చి చంపేశారు. ఆ వీడియోలు ఇప్పుడు చంటి లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఓ పత్రిక వాళ్ళ రహస్య సైట్‌కి పంపాలి. ఏ ఇంట్లో దాక్కుని పంపబోయినా...

ఫ్యాక్టరీ మనుషులు వచ్చేస్తున్నారు!

"ఎలా తెలుస్తోంది వదినా? మన జాడ దాచడానికే కదా వీపీఎన్ పెట్టుకున్నాం! వీపీఎన్ ఆన్‌లోనే ఉంది. ఒట్టు!"

వదిన కారు వేగం పెంచుతుంది. నెట్‌వర్క్ ఇంజనీరు ఆమె. భర్త పోయాక మాటలు తగ్గిపోయాయి.

ఊరి చివర లాడ్జి. పై అంతస్తులో గది. వదిన లాడ్జి వైఫై కలిపి, వీపీఎన్ ఆన్ చేసి, ఏదో పేజీ తెరుస్తుంది.

"లీక్ టెస్ట్. మన జాడ బయటికి కారుతోందేమో చెప్తుంది. చూడు."

తెర మీద నెట్ కంపెనీ పేరు! ఈ లాడ్జికీ, చంటి దాక్కున్న ఇళ్ళన్నిటికీ నెట్ ఇచ్చేది అదే కంపెనీ!

"వీపీఎన్ వాళ్ళ పేరు కదా రావాలి?"

"రావాలి. నువ్వు సైట్ పేరు కొట్టగానే, దాని అడ్రస్ ఏంటని కంప్యూటర్ ముందు డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ఆ ప్రశ్న కూడా వీపీఎన్‌లోంచే పోవాలి. నీది బయట్నించి పోతోంది... నేరుగా నెట్ కంపెనీకి! నువ్వేం పంపావో వాళ్ళకి కనపడదు. ఏ ఇంటి నించి ఏ సైట్‌ని అడిగారో కనపడుతుంది."

"అంటే ఆ కంపెనీలో..."

"వాళ్ళ మనిషున్నాడు."



వదిన వేళ్ళు ఆగవు. డీఎన్ఎస్ లీక్ ప్రొటెక్షన్... ఆన్. ఐపీవీ6 పక్కదారి... బ్లాక్. కిల్ స్విచ్... ఆన్!

"మధ్యలో వీపీఎన్ తెగిందా, నెట్ మొత్తం ఆగిపోతుంది. ఒక్క ముక్క బయటికి పోదు."

మళ్ళీ టెస్ట్. ఈసారి వీపీఎన్ సర్వర్ ఒక్కటే!

అప్‌లోడ్... సగం... ముప్పాతిక...

అయిపోయింది!

చంటికి ఏడుపు ఆగదు. "పంపేశాం వదినా! పద, వెళ్ళిపోదాం."

వదిన కదలదు.

పెట్టిన సెట్టింగులన్నీ తీసేస్తోంది... ఒక్కొక్కటే.

ఆ రహస్య సైట్ పేరు మళ్ళీ కొట్టింది. ఎంటర్!

"వదినా! పిచ్చా నీకు? వాళ్ళొచ్చేస్తారు!"

"రావాలి. రేపు పేపర్లో పడగానే వాడు దేశం దాటేస్తాడు. మీ అన్నని కాల్చినవాడు... ప్రతిసారీ వాడే వస్తున్నాడు. వాడు నాకు ఇవాళే కావాలి."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది.

"బాత్రూంలోకి వెళ్ళు. గడియ పెట్టుకో. వెళ్ళవే!"

చంటి గడియ పెట్టుకుని గోడకి అతుక్కుపోయింది. ఎంతసేపని... తెలీదు.

మెట్ల మీద బూట్లు.

గది తలుపు విరిగింది.

ఢాం!

ఏదో ధబ్బున పడింది.

"వదినా?"

తలుపు అవతల నించి వదిన గొంతు. చాలా నెమ్మదిగా.

"బయటికి రాకు చంటీ... వాడు పోయాడు. ఇంకా ఇద్దరు మెట్ల మీదున్నారు."

ఢాం!