ట్రాక్ వెయ్యనంటే వెయ్యను

"చంపేశారు! నా పన్నెండింటినీ చంపేశారు!"

రిపేరు షాపు కౌంటర్ అవతల నిలబడి ఒకమ్మాయి ఇలా అరిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? దారిన పోయే ఇద్దరు ఆగి మరీ లోపలికి తొంగి చూశారు. మా బాబాయి చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

నేను మాత్రం తొణకలేదు, బెణకలేదు. ఇప్పుడు అలా చెప్పుకుంటున్నాను గానీ, నిజానికి బాబాయి వెనక్కి ఒక అడుగు వేశాను.

"ఎవర్ని చంపాను మేడమ్?"

"నా ప్యాటర్న్‌లని!"

సంగతేమిటంటే, మాది సంగీత వాయిద్యాల రిపేరు షాపు. స్పీకర్లూ ఆంప్లిఫయర్లూ బాబాయి చూస్తాడు. పాత అనలాగ్ సింథసైజర్లు నా వంతు. రెండు రోజుల క్రితం ఆమె పుస్తకమంత పెట్టె ఒకటి ఇచ్చి వెళ్ళింది. మీద పదహారు బటన్లు. దాన్ని స్టెప్ సీక్వెన్సర్ అంటారు. దానంతట అది చిన్న శబ్దం కూడా చెయ్యదు. వైరు తగిలించిన సింథసైజర్‌కి "ఇప్పుడు ఈ స్వరం మోగించు, ఇప్పుడు నోరు మూసుకో" అని ఆజ్ఞలిస్తుందంతే. పదహారు బటన్లకి పదహారు ఆజ్ఞలు, అయిపోగానే మళ్ళీ మొదటికి. అలాంటి ఒక్కో వరసని ప్యాటర్న్ అంటారు. మా ఇంట్లో పిన్ని కూడా బాబాయితో ఇదే పని చేస్తుంది కాబట్టి ఆ యంత్రం నాకు తేలిగ్గా అర్థమైంది.

లోపలి బ్యాటరీ అయిపోవస్తోంది, మార్చమంది. మార్చాను. కరెంటు తీశాకే లోపల చెయ్యి పెట్టాలన్నది బాబాయి నేర్పిన మొదటి పాఠం. బుద్ధిగా ప్లగ్గు పీకి, మూత విప్పి, పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టాను. తీరా చూస్తే ఆ పెట్టెకి మాత్రం కరెంటు ఉండగానే మార్చాలట. లేకపోతే దాని జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోతుందట. పద్ధతిగా పని చేసి మరీ నాశనం చేశానన్నమాట.

"కాగితం మీద రాసుకోలేదా మీరు?" అన్నాను, తప్పు కాస్త అటు నెడదామని.

"పళ్ళెలా తోముకోవాలో మీరు కాగితం మీద రాసుకుంటారా?"

బాబాయి గ్లాసు కిందపెట్టి నోరు తెరిచాడు. ఆమె ఒక్క చూపు చూసింది. మళ్ళీ గ్లాసు తీసుకున్నాడు.

"ఏడాది కష్టం. ఆదివారం పది నిమిషాలు వాయించాలి నేను. ఇవాళ మంగళవారం!"

"మేడమ్, ఒక్క మాట..."

"ఒక్క మాటా వద్దు."

"మా షాపులో ఒక పద్ధతుంది..."

"మీ పద్ధతి చూశాను!"

ఇక లాభం లేదని బల్ల మీది రికార్డర్ మీట నొక్కాను. స్పీకర్లోంచి ఆమె మొదటి ప్యాటర్న్ వచ్చింది. తర్వాత రెండోది, మూడోది. ఏ వాయిద్యం వచ్చినా విప్పే ముందు దాని శబ్దం రికార్డు చేసి పెట్టుకుంటాం; ఈ పెట్టెని షాపులోని సింథసైజర్‌కి తగిలించి పన్నెండు ప్యాటర్న్‌లూ ఎక్కించాను. ఇచ్చినప్పుడు బాగానే మోగిందని రేపెవరూ పేచీ పెట్టకూడదుగా!

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే వాటి మీద కూడా కోపం వచ్చినట్టు మోచేత్తో తుడిచేసుకుంది.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చారా?"

*

ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. బాబాయి ఆ రోజే ఆమెకి "ఎక్స్‌రే" అని పేరు పెట్టేశాడు. మనిషి లోపలిదాకా చూసేస్తుందని కూడా ఆయనే అన్నాడు, కాస్త భయంగా.

డ్యూటీ అవగానే సాయంత్రం షాపుకి వచ్చేది. తన రెండు సింథసైజర్లూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బొంగురు గొంతుదాని పేరు పెద్దాయన. సన్నగా పలికేది చెల్లాయి. రికార్డింగ్ కాస్త కాస్త వినడం, ఆమె స్వరం పట్టుకోవడం, నేను బటన్ నొక్కడం.

"నాలుగోది అదే స్వరం. ఐదోది ఖాళీ."

"ఖాళీ ఎందుకండీ? అక్కడ కూడా ఒకటి వేస్తే నిండుగా ఉంటుంది కదా."

"మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరి పీలుస్తారా లేదా?"

"మీరు తిట్టేటప్పుడు పీల్చరు. గమనించాను."

ఆమె నవ్వాపుకోవడానికి పెద్దాయన వైపు తిరిగింది. "ఐదోది ఖాళీ," అంది మళ్ళీ, గొంతు సరిచేసుకుని.

గురువారం వాన పట్టుకుంది. షాపు ముందు రేకు మీద చినుకులు టపటపా పడుతుంటే, ఆమె వేగం తిప్పే గుండీ అటూ ఇటూ తిప్పి వానతో కలపాలని చూసింది. వాన ఒప్పుకోలేదు. ఆమె కూడా ఒప్పుకోలేదు. పావుగంట సేపు వాళ్ళిద్దరికీ పోటీ. నేను పని మానేసి చూస్తూ కూర్చున్నాను.

సీక్వెన్సర్ ఇంటికి తీసుకెళ్ళాలంది. ఉన్నది ఒక్కటే గొడుగు. ఇద్దరం దగ్గరగా నడుస్తామని నేను మనసులో లెక్కలు వేసుకుంటుంటే, ఆమె గొడుగు విప్పి పెట్టె మీద పట్టింది. బస్టాపుదాకా పెట్టె పొడిగా వచ్చింది. మేమిద్దరం మాత్రం చెరో పక్కా తడిసి ముద్దయ్యాం.

"ఆదివారం బాగా రాకపోతే ఏమవుతుంది?" అనడిగాను అక్కడ.

"ఈ పెట్టెనీ ఆ రెండు సింథసైజర్లనీ అటకెక్కించి, నాన్న ఆర్కెస్ట్రాలో కీబోర్డు ముందు కూర్చోవాలి. మాటిచ్చాను."

"ఎందుకిచ్చారు?"

"కోపంలో." జుట్టులోంచి కారుతున్న నీళ్ళు దులుపుకుంది. "బటన్లు నొక్కడం సంగీతం కాదన్నారు. అయితే ఆదివారం సభలో సంగీతం మాస్టర్లందరి ముందే వాయిస్తాను, ఒక్కరైనా మధ్యలో లేచిపోతే నువ్వు చెప్పినట్టే వింటానన్నాను."

"భయం లేదా?"

"బోలెడు. అయినా వాయిస్తాను."

నాకు ఆమె అంటే ఇష్టమని అప్పుడే తెలిసింది. తెలిసిన వెంటనే తుమ్మొచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం పన్నెండో ప్యాటర్న్ పూర్తవుతుండగా వాళ్ళ నాన్నగారు షాపులోకి వచ్చారు. ఊళ్ళో అందరూ మాస్టారనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆర్కెస్ట్రా నడుపుతున్న మనిషి. ఎక్కడో స్కూటర్ హారన్ మోగితే అది ఏ శ్రుతిలో ఉందో చెప్పగల చెవి.

ఆయన నిలబడే విన్నారు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"రికార్డింగ్ ఉందట కదా బాబూ?"

"ఉందండీ."

"ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వు. అమ్మాయ్, రేపు దీన్నే ట్రాక్‌గా వేద్దాం. నువ్వు ఆ బటన్ల ముందు నిలబడు చాలు. ఎలాగూ మిషనే వాయిస్తుంది కదా, ఆ మిషనైతే ఏంటి, ఈ మిషనైతే ఏంటి! పదిమందిలో నవ్వులపాలు కాకుండా ఉంటావు."

"ట్రాక్ వెయ్యను నాన్నా."

"నా ఆర్కెస్ట్రాలో వెయ్యట్లేదా?"

"అదే కదా చెప్తున్నా. నీ దగ్గర వయొలిన్లూ డప్పులూ అన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. వాయించేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. నేను అలా నిలబడను."

మాస్టారి మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బాబూ. తెలిసినవాడివి. ఈ పాత సామాను స్టేజి మీద మొరాయిస్తుందా, లేదా?"

నిజం చెప్పడం నాకున్న రోగం. "మొరాయించవచ్చండీ. ట్రాక్ ఉంటే... క్షేమం."

అంతే. ఎక్స్‌రే నా వైపు తిరిగింది.

"నువ్వు కూడానా?" అంది.

మొదటిసారి నువ్వు అంది. పొంగిపోవాల్సిన సందర్భమైతే కాదు.

"మీ మంచికే..."

"నాలుగు రోజులు నా పక్కన కూర్చుని ఒక్కో బటనూ నొక్కావు. అయినా నీకు తేడా తెలియలేదా?" వైర్లన్నీ చుట్టి సంచీలో పడేసింది. "నా మంచి నేను చూసుకుంటాలే."

ఆమె వెళ్ళాక నేను పెన్‌డ్రైవ్ మాస్టారి చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఆయన చెయ్యి చాపారు కాబట్టి. షట్టర్ దించుతూ బాబాయి, "ఒరేయ్, నువ్వు స్పీకర్లు చూసుకోవడమే మేలేమో," అన్నాడు.

*

ఆదివారం ఉదయం హాలు నిండా సంగీతం నేర్పేవాళ్ళూ వాళ్ళ శిష్యులూ. ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, ముందు వరసలో పెద్దవాళ్ళు శాలువాలు కప్పుకున్నారు. అనలాగ్ సింథసైజర్ పసిపిల్లలాంటిది, చలి తగిలితే శ్రుతి తప్పుతుంది.

నేను వెనక సౌండ్ బల్ల దగ్గర నిలబడ్డాను. సౌండతను నా పెన్‌డ్రైవ్ గుచ్చి సిద్ధంగా ఉన్నాడు.

"తేడా వస్తే దీన్ని వదలమన్నారు మాస్టారు," అన్నాడు నాతో.

ఎక్స్‌రే స్టేజి మీదికి వచ్చింది. నమస్కారం పెట్టింది. మీట నొక్కింది. పెద్దాయన బాగానే పలికాడు. నాలుగు వరసలయ్యాక చెల్లాయి కలిసింది, కలిసిన మరుక్షణం హాలంతా మొహం చిట్లించింది. చెల్లాయి శ్రుతి దిగిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. శాలువా కప్పుకున్న ఒకాయన కుర్చీలోంచి సగం లేచారు.

ముందు వరసలోంచి మాస్టారు వెనక్కి తిరిగి సౌండతనికి తలూపారు. సౌండతను వేలు మీట మీద పెట్టాడు.

నేను పెన్‌డ్రైవ్ పీకేశాను.

"ఏంటిది?"

"ఆమె ట్రాక్ వెయ్యనంది. వెయ్యనంటే వెయ్యదు." జేబులో వేసుకున్నాను. మాస్టారు అక్కణ్ణుంచే నన్ను నమిలి మింగేలా చూశారు. చూడనీ అనుకున్నాను. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు.

స్టేజి మీద ఆమె కంగారు పడలేదు. పదహారు బటన్లలో పదిహేనింటిని చకచకా ఆపేసింది. ఇక ఒక్క స్వరమే మిగిలింది. రెండు సింథసైజర్లూ అదొక్కటే పలుకుతున్నాయి, ఒకటి సరిగ్గా, ఒకటి తప్పుగా. ఆ రెంటి మధ్యా శబ్దం అలలు అలలుగా ఊగుతోంది.

"మిషన్ ఆగిపోయిందా అమ్మా?" అన్నారు సగం లేచినాయన.

"లేదండీ. శ్రుతి చేసుకుంటోంది. మీరు కూడా వినండి," అందామె మైకులో, తలెత్తి.

ఆయన మళ్ళీ కూర్చున్నారు.

చెల్లాయి మీద గుండీని వెంట్రుకవాసి తిప్పింది. అల కాస్త నెమ్మదించింది. ఇంకాస్త తిప్పింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. అక్కడున్నవాళ్ళందరూ జీవితమంతా శ్రుతులు చేసినవాళ్ళే. తప్పు స్వరం సరైనదాని వైపు పాకుతుంటే, చూపు తిప్పుకోవడం వాళ్ళ వల్ల కాలేదు.

అప్పుడు మాస్టారి చెయ్యి లేచింది. ఆయనకి తెలియకుండానే లేచిందనుకుంటాను. చూపుడువేలు పైకి చూపించారు, ఇంకొంచెం. ఆమె చూసింది. తిప్పింది. వేలు ఇంకా పైకే. ఇంకొంచెం తిప్పింది. ఆయన పిడికిలి బిగించారు. అల ఆగిపోయింది. రెండు గొంతులూ ఒక్కటయ్యాయి.

ఆ తర్వాత ఆమె బటన్లని ఒక్కొక్కటిగా మేలుకొలిపింది. రెండోది. తొమ్మిదోది. ఒక పెద్దావిడ తొడ మీద తాళం వేస్తే, దానికి తగ్గట్టు పన్నెండోది తీసేసి పదమూడోది వేసింది. పిల్లలు చప్పట్లు మొదలుపెడితే వేగం పెంచింది. నా రికార్డింగ్‌లో ఇదేదీ లేదు. ఉండే వీలే లేదు. తేడా నాకప్పుడు తెలిసింది, నాలుగు రోజులు పక్కన కూర్చున్నా తెలియనిది. పది నిమిషాలు అయ్యేసరికి ఒక్కరు కూడా లేవలేదు.

*

అయిపోయాక స్టేజి వెనక గదికి పరిగెత్తాను. ఆమె వైర్లు పీకుతోంది. మాస్టారు పక్కనే నిలబడి ఉన్నారు.

"నేనైతే ఇది సంగీతం అననమ్మా," అంటున్నారాయన. "శ్రుతి మాత్రం కుదిరింది."

"నువ్వేమన్నా ఇక అటకెక్కించను నాన్నా."

"ఎక్కించమన్నానా ఇప్పుడు?"

నేను పెన్‌డ్రైవ్ తీసి ఆమె ముందు పెట్టాను. "తప్పు చేశాను. భయపడి చేశాను. మీకు ఏమవుతుందోనని." ఆగితే ఇక చెప్పలేనని ఆగకుండా అనేశాను. "మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. గురువారం నుంచీ."

"బుధవారం నుంచి అనుకున్నానే," అంది ఆమె. ఆ పెన్‌డ్రైవ్ తీసి తన సంచీలో వేసుకుంది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "నాన్నా, ఇతన్ని నేనూ ఇష్టపడుతున్నాను. నిన్ను అడగట్లేదు. చెప్తున్నా."

మాస్టారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"నిన్న ట్రాకే క్షేమమని నాతో అన్నది నువ్వే కదా?"

"అవునండీ."

"ఇవాళ నా మాట కాదని ట్రాక్ పీకింది కూడా నువ్వే."

"అవునండీ. నిన్న మీ మాటకి తలూపడమే నేను చేసిన తప్పు."

ఆమె పెదవి కొరుక్కుంటూ నన్నే చూస్తోంది. పారిపోదామా అనిపించింది. పారిపోలేదు.

"ఇంతకాలం నా మొహం మీద ఇలా మాట్లాడేది మా ఇంట్లో ఇదొక్కతే," అన్నారు మాస్టారు. "ఇక ఇద్దరన్నమాట. నేనొక్కణ్ణీ ఏం వేగను మీతో!"

వంగి పెద్దాయన ఒక చివర పట్టుకున్నారు. బరువుకి ముక్కారు.

"చూస్తావేంట్రా? ఆ చివర పట్టు. ఇంటికి మోసుకెళ్ళాలిగా."