పెళ్ళికొడుకు వంతెన మీద పాత కారు

కవుతరం దాటి పెడన వైపు వెళ్తుంటే, కాలువ మీద ఒక ఎత్తు వంతెన ఉండేది. పగలు గేదెల్ని తోలుకెళ్ళే మామూలు వంతెనే. పొద్దుగూకాక మాత్రం దాని పేరెత్తేవాళ్ళు కాదు... "ఆ చోటు" అనేవాళ్ళు.

ఎప్పుడో ఒక పెళ్ళికొడుకు, ముహూర్తం దాటిపోతోందని ఎద్దుల్ని అదిలించి అదిలించి, బండితో సహా అక్కడే కాలువలో పడ్డాట్ట. అప్పటినుంచీ వచ్చేపోయే బండ్లని పట్టుకుని వేలాడతాట్ట. నన్ను నా పెళ్ళికి తీసుకెళ్ళండీ — అని.

ఇది మా నాన్న చెప్పగా విన్నాను. మధ్యలో ఎవరైనా కిసుక్కుమన్నారో, చెప్పడం ఆపేసి వెళ్ళి పడుకుంటాను. తర్వాత మీ ఇష్టం.

మా నాన్న శేషగిరి గుడివాడ బళ్ళో సైన్సు మేష్టారు. బందరు ప్లీడరొకాయన వాడి వాడి వదిలేసిన కారు ఒకటి కొన్నాడు. కొన్న కొత్తలో ఓ రాత్రి ఆ వంతెన ఎక్కుతూ, గేరు సరిగ్గా పడక కారు ఆగిపోయింది. అంతే, ఇంకేం లేదు. కానీ ఆ మాట ఇంటికొచ్చి అన్నాడు చూడండి, అదీ ఆయన చేసిన తెలివితక్కువ పని!

తెల్లారేసరికి మా నాయనమ్మ దుర్గాంబ నల్లగుడ్డలో గుప్పెడు రాళ్ళ ఉప్పు, ఎండుమిరపకాయలు మూటగట్టింది. బానెట్ ఎత్తించింది. ప్లగ్గులకి వెళ్ళే తీగలన్నీ ఒక్క గుత్తిగా పట్టి, వాటికి బిగించి కట్టింది.

"ఇది ఉన్నంతకాలం వాడు కారెక్కలేడు," అంది. "ఎవరైనా విప్పారో... నా మీద ఒట్టే!"

అక్కణ్ణుంచీ మొదలైంది అసలు గోల. పగలు కారు బంగారం. రాత్రిళ్ళు కూడా చదును రోడ్డు మీద బుద్ధిగానే పోయేది. ఎత్తు వచ్చి యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం — టప్... టుప్... టప్... వెనకనించి ఎవరో పట్టి లాగినట్టు.

నాన్న ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు గుడ్డలో వడగట్టి పోశాడు. కార్బురేటర్ ఊది ఊది బుగ్గలు వాచాయి. మూట జోలికి మాత్రం పోలేదు. సైన్సు మేష్టారైతే ఏంటి, అమ్మ కట్టింది విప్పితే ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంది!

ఇంతలో మా బాబాయి చిట్టిబాబు పెళ్ళి వచ్చింది. పిల్ల ఇందిరాదేవిది పెడన. ముహూర్తం తెల్లవారుజామున. అది తప్పితే ఆ మర్నాటినుంచే మూఢం. పిల్ల తండ్రి పురుషోత్తంగారు మొండిమనిషి. "ఈ ముహూర్తం తప్పితే పిల్లని మా అక్క కొడుక్కి ఇచ్చేస్తా"నని ముందే చెప్పేశాడు. మా బాబాయికి మాత్రం ఆ పిల్లని చూసిన రోజునుంచీ అన్నం సయించడం లేదు.

అందరూ రైలెక్కి ముందే వెళ్ళారు. మా పెళ్ళికొడుకుగారికి కార్లో దిగాలని సరదా! నాన్న నడుపుతున్నాడు, పక్కన బుగ్గన చుక్కతో బాబాయి, వెనక లాంతరు పట్టుకుని మా నాయనమ్మ.

మంచు కురుస్తోంది. సముద్రపు గాలికి ఒళ్ళంతా చెమ్మ. వంతెన వచ్చింది...

నాన్న యాక్సిలరేటర్ నొక్కాడు. టప్... టుప్... కారు సగం ఎక్కి, వెనక్కి జారింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ జారింది.

"వాడే," అంది నాయనమ్మ గుసగుసగా. "పెళ్ళికొడుకు వాసన పట్టాడు."

"అమ్మా, నువ్వు ఊరుకో!" బాబాయి గొంతులో ఏడుపు. "అన్నయ్యా... దీన్ని ఎలాగైనా ఎక్కించు. ఆ పిల్లని ఇంకొకడికి ఇచ్చేస్తే నేనూ ఇదే కాలవలో దూకుతాను!"

నాన్న దిగి బానెట్ ఎత్తాడు. నాయనమ్మ వచ్చి లాంతరు పట్టింది. ఆ వెలుగులో ఏదీ చెడినట్టు లేదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడు వినిపించింది... చెవి పక్కనే, నెమ్మదిగా.

"దీపం ఆర్పండి."

నాయనమ్మ ఉఫ్‌మని ఊదేసింది. బానెట్ కింద కటిక చీకటి.

"ఒరేయ్ చిట్టీ, యాక్సిలరేటర్ నొక్కు," అన్నాడు నాన్న.

బాబాయి స్టీరింగు ముందుకి జరిగి నొక్కాడు — బానెట్ లోపల నీలం మంటలు! చిన్న చిన్నవి... తీగల మీదనించి మూట మీదకి చిటచిటా దూకుతున్నాయి!

"కొరివిదెయ్యం!" నాయనమ్మ కెవ్వుమంది.

నాన్న చెయ్యి పెట్టాడు. "అమ్మోయ్!" అని ఆయనా ఎగిరి గంతేశాడు. చెయ్యి దులుపుకుంటూ... పడీ పడీ నవ్వడం మొదలెట్టాడు. పిచ్చెక్కిందనుకున్నారు ఇద్దరూ.

"దెయ్యమూ లేదు, నా తలకాయా లేదు! అమ్మా, ఇది నీ ఉప్పే! రాత్రి చెమ్మకి ఉప్పు నీరుకారుతోంది. ఎత్తెక్కేటప్పుడు ప్లగ్గు లోపల నిప్పురవ్వ పడడం కష్టం. కరెంటుకి ఈ తడి ఉప్పే సులువు దారి. పగలు ఎండకి ఆరిపోతుంది కదా, అందుకే ఏ గొడవా లేదు!"

"మధ్యలో నా ఉప్పునంటావేంరా!"

నాన్న వింటేనా! ఇంజను ఆపించి, మూట పుటుక్కున తెంపి కాలవలోకి గిరాటేశాడు. బాబాయి పట్టుకండువాతో తీగలన్నీ పొడిగా తుడిచాడు. కారు రయ్యిమని వంతెన ఎక్కి దిగింది. ఆ ఆనందం పట్టలేక బాబాయి ఊళ్ళన్నీ లేచేలా పాటలందుకున్నాడు. నాన్న తాళానికి హారను కొట్టాడు.

"వెనక చలిగా ఉందిరా," అంది నాయనమ్మ. "సీటంతా తడి."

"మంచు అమ్మా, మంచు!"

"దీపం ఆర్పమని భలే చెప్పావన్నయ్యా," అన్నాడు బాబాయి.

"నేనెక్కడ చెప్పానురా? నువ్వే కదా అన్నది."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. "నేననుకున్నా మీ ఇద్దర్లో ఎవరో అన్నారని," అంది నాయనమ్మ.

నాన్న యాక్సిలరేటర్ ఇంకాస్త గట్టిగా నొక్కాడు. అంతలోనే పెడన వచ్చేసింది. ముహూర్తానికి ఇంకా బోలెడు టైముంది. మేళాలు, పెట్రోమాక్స్ లైట్లు! పురుషోత్తంగారు పానకం తెప్పించుకుని నవ్వుతూ ఎదురొచ్చారు. పళ్ళెంలో నాలుగు గ్లాసులు.

"మేం ముగ్గురమేనండీ," అన్నాడు నాన్న.

"ఆయన్ని కూడా దిగమనండి మరి," అన్నారాయన, కారులోకి తొంగిచూస్తూ. "పాపం, నిలువెల్లా తడిసి ఉన్నాడు. ఒరేయ్, ఎవరక్కడ, ఓ తువ్వాలు తెండర్రా! అవునుగానీ... ఈయన బుగ్గన కూడా చుక్క ఉందేవిటండీ?"

మా నాయనమ్మ మా నాన్న వంక ఒక్క చూపు చూసింది.

"మూట పారేశావు కదరా నాయనా," అంది.