మిల్లింగ్ మిషను మీద సుద్దగీతలు

అమీర్‌పేటల కంప్యూటర్ క్లాసుల బోర్డులు గోడలన్నిటిని మింగినయి గాని, పంజగుట్ట నాలా పక్క జోగారావు ఇనుము చెక్కే మిల్లింగ్ షెడ్డు గోడకు మాత్రం ఒక్కడు సుత బోర్డు కట్టలేదు. రాత్రి పది దాటితే ఆడ ఎవ్వడూ నిలబడడు. లోపల ఇనుము మీద సుద్ద గీసినట్టు... గీర్... గీర్... అని వినబడ్తదంటరు.

ఆ దెయ్యం పేరు ఊకె రాలేదు. ఏడేండ్ల కింద, రాత్రి డ్యూటీల మిల్లింగ్ మిషను నడిపే బుచ్చిబాబు, చేతిల సుద్దముక్క పట్టుకునే దాని పక్కన కూలిపోయిండు.

పగటి డ్యూటీ గౌస్ మొహియుద్దీన్‌ది. ఇద్దరికీ చదువు అంతంతే. అందుకే డ్యూటీ మారేటప్పుడు మిషను కంబం మీద సుద్దతోని గీతలు పెట్టుకునేటోళ్లు. ముక్కను జరిపే పొడుగు స్క్రూ అరిగి ఎక్కడ ఎంత లూజున్నదో, ఆడ అన్ని గీతలు. రెండోవాడు చూసినంక కింద సున్న చుట్టాలె — చూసిన, అని.

ఒకనాడు బుచ్చిబాబు సేటు జోగారావు ముందర అన్నడు, "గౌస్ కొలత తప్పిందండీ" అని.

అంతే. ఒక్క మాట! గౌస్ మళ్ల ఆయనతోని నోరు విప్పలేదు. నాలుగేండ్లు, పొద్దున రాంగనే ఆ గీతల దిక్కు చూడకుండనే నూనెగుడ్డతో తుడిచిండు. మనిషి పోతే శవం ఎత్తేటప్పుడు సుత పోలేదు. గోడ దిక్కున్న ఆ కంబం మొహం, దాని మీది ఆఖరి రాత్రి గీతలు మళ్ల చూడనే లేదు.

ఇప్పుడు ఆ ముసలి మిషనుకు కంప్యూటర్ తగిలిస్తున్నరు. చేతిచక్రాలు పీకి మోటర్లు పెట్టిండ్రు. పైన ఆకుపచ్చ రంగేసిండ్రు.

"పొద్దున్న పదింటికి కంపెనీవాళ్లు వస్తారు," అన్నడు జోగారావు. "ముక్క కొలతకి నిలిస్తే సరే. లేదంటే మిషను తుక్కుకి, షెడ్డు కంప్యూటర్ క్లాసుకి. నన్నేం అనకు గౌస్."

ముప్పై ఏండ్ల మిషను... తుక్కుకు.

రాత్రి ఒంటిగంట. మూడు ముక్కలల్ల రెండు ఖరాబైనయి. చివరి రంధ్రాలు సరిగ్గనే ఉన్నయి, నడుమ రంధ్రమే పక్కకు జరుగుతున్నది.

"ఏంటి గౌస్ గారూ ఇది!" కంప్యూటర్ బిగిస్తున్న కృష్ణమోహన్ తల పట్టుకున్నడు. "చివర సరిపోయిన అంకె మధ్యలో సరిపోవట్లేదు."

"నడుమ ఎక్కువ అరిగింది సాబ్. పనంత ఆడనే అయింది."

"ఎంత అరిగిందో చెప్పండి. కంప్యూటర్‌కి నేను చెప్తాను."

గౌస్ తన అరచెయ్యి చూసుకున్నడు. చేతికి తెలుసు. కాని చక్రం పీకేసినంక చెయ్యి ఏం చెప్తది? కొలిచే గేజును సాయంత్రమే కృష్ణమోహన్ కింద పడేసి ముల్లు విరగ్గొట్టిండు. ఆ తప్పు గౌస్ కబరుకు పోయేదాక మరువడు.

కృష్ణమోహన్ ఛాయ్ కోసం ఎర్రమంజిల్ దిక్కు పోయిండు.

కరెంటు పోయింది.

చీకట్ల గౌస్ ఒక్కడే. "యా అల్లా... ఒక్క ముక్క. ఒక్క ముక్క నిలబెట్టు..."

గీర్...

పందికొక్కు అనుకున్నడు.

గీర్... గీర్...

మిషను ఎనుక నుంచి. గోడ దిక్కు నుంచి.

ఒళ్లంత చెమట. ఉరుకుదామంటే పొద్దున పదిగంటలు యాదికొచ్చినయి. అగ్గిపుల్ల గీసి, ఒక్కొక్క అడుగే వేసిండు.

"బుచ్చీ..." గొణిగిండు. "నువ్వేనా?"

పదకొండేండ్లల్ల ఆ పేరు పిలుచుడు అదే మొదలు.

చప్పుడు ఆగింది.

ఆకుపచ్చ రంగు మీద — తెల్లటి గీతలు. ఆ చివర తొమ్మిది. ఈ చివర తొమ్మిది. నడుమ... వేలుతోని ముట్టి ముట్టి లెక్కబెట్టిండు. ఇరవై రెండు.

చెయ్యి దానంతటదే నూనెగుడ్డ కోసం పోయింది. పాత అలవాటు. ఎత్తిన గుడ్డ అట్లనే ఆగిపోయింది... అగ్గిపుల్ల వేలు కాల్చింది.

కరెంటొచ్చింది. కృష్ణమోహన్ సుత వచ్చిండు.

"నడుమ ఇరవై రెండు కొట్టు సాబ్."

"ఎలా తెలిసిందీ?"

"అడగకు. కొట్టు!"

ఆఖరి ముక్క. మిషను కదిలింది... ఆగింది. గౌస్ నడుమ రంధ్రంల కొలత పిన్ను పెట్టిండు. ఎన్నపూసల దిగినట్టు దిగింది. ఆ ముసలాయన నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చిండు.

జర తేరుకున్నంక, మిషను ఎనుకకు వేలు చూపిండు. "ఆ గీతలు..."

కృష్ణమోహన్ పకపక నవ్విండు. "ఓస్, అవా! దెయ్యం అనుకున్నారా? రంగు వేసేముందు పాత గీతలు కాగితం మీద దించుకున్నానండీ. పోయిన మనిషి గుర్తు, చెరపబుద్ధి కాలేదు. రంగు ఆరాక నేనే మళ్లీ గీశాను. వాటి అర్థం తెలిస్తే రెండు ముక్కలు పాడయ్యేవి కాదు కదా!"

గౌస్‌కు సిగ్గయింది. నవ్వొచ్చింది. అయితే చప్పుడు పందికొక్కుదే!

కృష్ణమోహన్ జేబులకెళ్లి కాగితం తీసిండు. "ఇదిగో. చివర తొమ్మిది... మధ్యలో..."

ఆయన నవ్వు ఆగింది.

"గౌస్ గారూ... నేను గీసింది పదిహేనే."

ఇద్దరూ మిషను ఎనుకకు పోయిండ్రు. స్కేలు పెట్టినట్టు నిటారుగ పదిహేను గీతలు. ఆ తర్వాత వేలెడు సందు. ఆ పక్కన ఇంకో ఏడు — ఎడమ దిక్కు వాలి, కింద నుంచి మీదికి గీసినయి. బుచ్చిబాబుది ఎడమ చెయ్యి.

ఆయన పోయి ఏడేండ్లు. ఏడేండ్లల్ల స్క్రూ ఇంకా అరిగింది... ఏడాదికొక గీత.

కృష్ణమోహన్ కాగితం మీది గీతలు మళ్ల లెక్కబెట్టిండు.

గౌస్ నూనెగుడ్డను దూరం విసిరేసిండు. కంబం కింద పడున్న సుద్దముక్క తీసి, ఆ గీతల కింద సున్న చుట్టిండు.

సుద్ద ఇంకా వెచ్చగున్నది.