లిల్లీ బతికినందుకు విందు

“ఏమ్మే లిల్లీ, మసాలా నూరడం అయిందా? మధ్యానానికి చర్చి సంఘమంతా వస్తారు!” అని వసారాలోంచి అత్తగారు రెబెక్కమ్మ కేక వేసింది.

అయ్యో... ఎవరితో చెప్పుకోవాలి? లిల్లీకి గుండెలో వాల్వు మార్చి రెండు నెలలైనా కాలేదు. ఎదురొమ్ము ఎముక కోసి తీగలతో బిగించారు. మూడు నెలల దాకా నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇవాళ కోవూరులోని వాళ్లింట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక! ఎందుకు? లిల్లీ బతికి బయటపడ్డందుకు! వండేది ఎవరు? ఆ లిల్లీయే!

“నావల్ల కావడం లేదండీ. ఎవర్నైనా వంటకి పిలవండి,” అని భర్త సుశీల్ కుమార్‌ను బతిమాలింది.

“దేవుడు నిన్ను స్వస్థపరచినాడని ఊరంతా చెప్పుకుంటా ఉండాం. ఇంకా రోగినంటే ఎట్లా? నీ చేతి కూరంటేనే వస్తారు గదా!” అని ముద్దుగా కసిరి, శామియానా వేయించడానికి పోయాడు. మంచివాడే! ఆస్పత్రి వరండాలో మోకాళ్లూని ఏడ్చినవాడే! ఇంతలోనే ఇంత మరుపా? లిల్లీకి ఒళ్లు మండిపోయింది. అయినా పొయ్యి దగ్గరికే పోయింది. ఉడికిన మాంసం డేక్షా దించబోతే రొమ్ములో కలుక్కుమంది, కళ్లు తిరిగాయి. అటూ ఇటూ చూసింది... ఎవరూ లేరు. కొంగుతో చెమట తుడుచుకుని మళ్లీ వంగింది.

కూడికలో సుశీల్ లేచి, “నా భార్య సంపూర్ణంగా బాగయింది! ఈ వంటంతా తనే చేసింది!” అని గర్వంగా సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు, స్తోత్రాలు! పాస్టరు జ్ఞానప్రకాశం గారు లిల్లీని కూడా ఒక మాట చెప్పమన్నారు.

రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేచింది.

“దేవుడు నన్ను బతికించినాడు, స్తోత్రం... కానీ నాకింకా బాగు కాలేదయ్యగారూ! డేక్షా ఎత్తితే ఎముక కదిలినట్టయింది. ఇందాక వంటింట్లో చచ్చిపోతానేమోనని భయపడినాను. నన్ను కోలుకోనిచ్చే మనసు మా ఇంట్లోవాళ్లకి ఇమ్మని... ప్రార్థన చేయండి!”

సుశీల్ తల దించుకున్నాడు. అయిపోయింది, ఇక అత్తగారు బతకనివ్వదు అనుకుంది లిల్లీ... అంతలో ఆడవాళ్ల చాప మీంచి ఒక వణికే గొంతు అందరికంటే ముందు పలికింది.

“ఆమెన్!”

రెబెక్కమ్మ! కళ్లొత్తుకుంటూ లేచి కొడుకు వైపు తిరిగింది.

“ఇంకా ఏంరా చూస్తా ఉండావు? ఆ బిడ్డని పడుకోబెట్టి రా. ఈ పూట వడ్డన మనిద్దరిదీ!”