మణికట్టు మీద మూడు వేళ్లు

బాగా తెల్లవారింది. పురిటి గది కిటికీ తెర గాలికి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. కూతురి పొట్టకు కట్టిన బెల్టు కింది నుంచి బిడ్డ గుండె చప్పుడు మంచం పక్క మిషన్లోకి వచ్చి, పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు వినిపిస్తోంది. రాత్రంతా నిద్రలేని తల్లికి ఆ చప్పుడులో మగత కమ్మి, తాను కూర్చున్న కుర్చీ కూడా నేల మీద లేనట్టే ఉంది.

ఆవిడ ముప్పై ఏళ్లు ప్రసవాల వార్డులో నర్సు. లోకంలోని పిల్లలందర్నీ చేతుల్లోకి తీసుకుంది గానీ, సొంత కూతురి పుట్టినరోజుకు ఒక్కసారి కూడా వేళకు ఇల్లు చేరలేదు. అందుకే కూతురు నిన్ననే కచ్చితంగా చెప్పేసింది.

"అమ్మా, ఇక్కడ నువ్వు నర్సువి కాదు. ఆ మిషన్ వంక చూడకు. ఊరికే నా చెయ్యి పట్టుకుని కూర్చో."

"సరేనే తల్లీ, నోటికి తాళం వేసుకుంటా."

పట్టుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధే కానక్కర్లేదు, ముప్పై ఏళ్ల డ్యూటీ బుద్ధి కూడా పుడకలతో గానీ పోదు. మూడు వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి జరిగాయి. వేళ్ల కింద ఒక దెబ్బ, మిషన్లో ఒక దెబ్బ. నొప్పి వచ్చినప్పుడు రెండూ కలిసి ఎగిశాయి, కలిసే దిగాయి. మగతలో తేలుతున్న ఆవిడకు ఒక్కసారిగా మెలకువ వచ్చింది.

అది బిడ్డ గుండె కాదు. కూతురిదే.

చెబితే కూతురు మళ్లీ దూరమైపోతుంది. చెప్పకపోతే?

"సిస్టర్, బెల్టు కాస్త జరిపి చూడమ్మా. మిషన్ మా అమ్మాయి గుండెను లెక్కపెడుతోంది."

"నూట పద్దెనిమిది. బాగానే ఉందండీ," అంది డ్యూటీ నర్సు.

"అమ్మాయి నాడీ నూట పద్దెనిమిదే. పట్టుకుని చూడు."

కూతురు చెయ్యి లాక్కుంది. "అంటే ఇంతసేపూ నా చెయ్యి పట్టుకోలేదన్నమాట, నాడి చూస్తున్నావు. ఇవాళ కూడా నీకు నేనో పేషెంటునే."

నర్సు బెల్టు కిందికి జరిపింది. కాసేపు గరగర. తర్వాత బిడ్డ గుండె చప్పుడు దొరికింది, నెమ్మదిగా. నూట పదికి తగ్గకూడనిది, తొంభై.

"ఎడమ పక్కకి తిరుగు, బంగారం," అంటూనే తల్లి, నర్సు కలిసి కూతుర్ని తిప్పారు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. తొంభై ఐదు. నూట పది. నూట నలభై. కుట్టుమిషను మళ్లీ అందుకుంది.

"వేళకి పట్టుకున్నారు," అంది డాక్టరమ్మ.

కూతురు ఏడుస్తూ చెయ్యి చాచింది. తల్లి ఈసారి అరచేతిలో అరచెయ్యి పెట్టింది. కూతురి వేళ్లు తడుముకుంటూ తల్లి మణికట్టు చేరి, చాలాసేపు అక్కడే ఆగాయి.

"నీది నాకంటే జోరుగా కొట్టుకుంటోందేమిటమ్మా?"

"నువ్వు పుట్టినప్పటి నుంచీ అంతేనే. ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకుని చూడలేదు."

కూతురు వేళ్లు తియ్యలేదు.