తట్ట కింద నడక

పొద్దుటినుంచి స్తంభాలు పెద్దగా సందేహపడలేదు. ఉప్పుసందు స్తంభం ఒక ముసలాయన నడకని రెండుసార్లు అడిగింది. కాల్లో ముల్లు దిగి కుంటుతున్నాడు పాపం, అంతకన్నా ఏమీ లేదు. నూకరత్నం ‘వాడ’ మీట నొక్కింది. స్తంభం మీద పచ్చదీపం వెలిగింది, ముసలాయన తన దారిన తాను పోయాడు.

నడకశాలలో ఆమె పని ఇదే. జాలరివాడలో ప్రతి మనిషి నడకా స్తంభాలకి కంఠతా వచ్చు. ఎరగని నడక ఎదురైతే మాత్రం తెర మీద చుక్కల మనిషిని చూపించి ఆమెని అడుగుతాయి. మొహం ఉండదు, బట్టలుండవు, కదిలే కీళ్లు తప్ప. ఆమె ముందు మూడు మీటలు: వాడ, సేన, పరాయి. గుక్క తిప్పుకునేలోపు జవాబివ్వకపోతే స్తంభం తానే ‘పరాయి’ అని తేల్చుకుని కాలుస్తుంది. రేవుబాటలో అయితే వాడ మనిషికీ అదే శాస్తి. ఆ బాట, వాడని ఆక్రమించుకున్న ద్వీపసేనది.

ఈ కొలువు ఆమె ఎందుకు ఒప్పుకుందో వాడంతటికీ తెలుసు. అయినా ఒక్కరూ క్షమించలేదు. ఆమె మొగుడు ఎల్లాజీని, వాడలో మిగతా మగవాళ్లతో పాటు, రేవులోని మంచుకొట్టంలో పడేసి తాళం వేశారు. “మీరు విధులు నిర్వర్తించినంతకాలము ఆతడు క్షేమముగా నుండును” అన్నాడు అధికారి వెరోన్. అన్నాడంటే, అతని మాటని తెలుగులో చెప్పే, మెడలో వేలాడే గొంతుపెట్టె అంది. దాని తెలుగు ఏ పాత వాచకంలోనో పుట్టి అక్కడే ముసలిదైపోయింది. ఆ రోజు నుంచి అత్త పైడమ్మ కోడలితో మాటాడటం మానేసింది.

ఇవాళ మాటాడింది. తెల్లారి నూకరత్నం బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“ఏటే, ఇన్నావా? సేనోల్లు ఓడిపోనారట. మద్దేన్నం పోటుకి ఎల్లిపోతన్నారు. మనోల్లందర్నీ ఓడెక్కించేత్తారట, ఆల దేశంలో గోతులు తవ్వడానికి.”

“ఇన్నానత్తా.”

“మేం తట్టలెత్తుకుని రేవుబాటన ఎల్తన్నాం. సేపల కింద కత్తిపీటలున్నాయి. తట్ట నెత్తినుంటే ఆ కంబం మమ్మల్ని పోల్చుకోదు. నిన్నే అడుగుద్ది. ఏటి సెప్తావో నీ ఇష్టం.”

ఆ చివరి మాట నూకరత్నాన్ని పొద్దుటినుంచీ పొడుస్తూనే ఉంది.

అత్త చెప్పింది నిజమే. సేన వచ్చిన కొత్తలో ఆడవాళ్లని వరసగా నడిపించి స్తంభాల కోసం నడకలు పట్టారు. అప్పుడు ఈ వెరోనే “దించుడు, దించుడు” అంటూ తట్టలన్నీ కింద పెట్టించాడు. వాళ్ల దేశంలో బరువన్నది చక్రాల మీదే పోతుందట. తట్ట దించిన జాలరామె నడక వేరు, ఎత్తుకున్న నడక వేరు అని వాడికేం తెలుసు? బరువు నెత్తికెక్కితే మెడ బిగుస్తుంది, నడుము తిరుగుతుంది, ఎడమచెయ్యి తెడ్డులా ఊగుతుంది. మళ్లీ పట్టించడానికి బద్ధకించి ఆ సందేహాలన్నీ నూకరత్నం నెత్తిన పడేశాడు.

ఆమె వెనకాల వెరోన్ పెట్టె సర్దుకుంటున్నాడు. చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నం అన్నట్టు, ఓడిపోయి పోతూ కూడా చేతికందింది వదలడంలేదు. ఎవరింటివో ఇత్తడి చెంబులు, ఎవరి పడవదో ఇంజను. సామాను బళ్లు మొరాయించి పొద్దున్నే ఆగిపోయాయి. ఇక ఎవడి బరువు వాడే మోసుకోవాలి.

రేవుబాట స్తంభం గంట కొట్టింది. సందేహం.

తెర మీద చుక్కలు. కుడికాలు కొంచెం ఈడుస్తూ, ఎడమచెయ్యి బారుగా ఊపుతూ. అత్త! వెనక ఇంకా చుక్కలు, చుక్కలు, వాడలోని ఆడంగులంతా.

“ఎవరు వారు?” గొంతుపెట్టె ఆమె చెవి పక్కనే పలికింది.

“మీ సిపాయిలేనండి. సామాను మోస్తున్నారు.” ‘సేన’ మీట నొక్కేసింది. పచ్చదీపం.

వెరోన్ తెర మీదకి వంగాడు. అతని ఊపిరి ఆమె మెడకి తగిలింది. “ఆ హస్తము అటుల ఏల ఊగుచున్నది?”

“బరువెక్కువండి. అలవాటు లేదు కదా మీవాళ్లకి.”

అతను తల ఊపాడు. తర్వాత నవ్వి, పెట్టె దగ్గరకి పోయాడు. నూకరత్నం వరసగా నొక్కుతూ పోయింది. కొన్ని నడకలయ్యాక స్తంభం ఇక అడగడం మానేసింది. తట్ట కింద నడకంటే సేన నడకేనని నేర్చేసుకుంది, తనంతట తానే పచ్చదీపాలు వెలిగించింది.

రేవులో కేకలు లేచాయి. మంచుకొట్టం తలుపు విరిగిన చప్పుడు. మగగొంతులు. ఓడ కూత పెట్టింది. వెరోన్ గబగబా పెట్టె భుజానికెత్తుకుని, దాని కింద సగానికి వంగి, మెట్లు దిగాడు. అతని వెనకే భుజాల నిండా మూటలతో సిపాయిలు.

స్తంభం గంట కొట్టింది. భుజాన పెట్టెతో వంగి నడిచే నడక అది ఎన్నడూ చూడలేదు.

“నేనే! నన్ను గుర్తింపుడు!” కిటికీ కింద గొంతుపెట్టె అరుస్తోంది. పెట్టె దించి రెండడుగులు వేస్తే స్తంభమే పోల్చుకుంటుంది.

“దించుడు!” నూకరత్నం కిటికీలోంచి అరిచింది. “దించుడు బాబూ!”

అతను పైకి చూశాడు. పెట్టెని ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. భయంలో కూడా అంత కక్కుర్తేమిటి!

ఆమె వేలు ‘సేన’ మీద ఆడింది. కొట్టంలో చలికి కొంకర్లు పోతున్న ఎల్లాజీ మనసులో మెదిలాడు. ఊరుకుంటే చాలు, పాపం స్తంభానిది. కాని ఆమె ఊరుకోలేదు. ఇన్నాళ్లూ రేవుబాటలో తనవాళ్లకి ఏ శాస్తి రాసిపెట్టారో, అదే అతనికీ ఇచ్చింది.

‘వాడ’ నొక్కింది.

స్తంభం ఒక్కసారే పేలింది, వెరోన్ పెట్టె మీదే కూలాడు. వెనక సిపాయిలు మూటలతో పాటు తుపాకులూ పడేసి, చేతులెత్తి నిలబడిపోయారు. అడుగు వేయడానికి ఒక్కడికీ ధైర్యం చాలలేదు.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. రేవుకి తానూ ఆ బాటనే పోవాలి. ఉత్త చేతులతో పోతే ఆమెనీ వదలదు. పైటకొంగు నెత్తి మీద చుట్టకుదురులా చుట్టి, ఇన్నాళ్లూ కూర్చున్న కుర్చీ తిరగేసి నెత్తికెత్తుకుంది. అత్తలాగే ఎడమచెయ్యి బారుగా ఊపుతూ స్తంభం ముందుకొచ్చింది. అది అడిగితే చెప్పడానికి పైన ఎవరూ లేరు.

పచ్చదీపం వెలిగింది.

రేవు మొగలో పైడమ్మ నిలబడి ఉంది, చేతిలో కత్తిపీట, పక్కన ఎల్లాజీ. కోడల్ని చూసి గట్టిగా అరిచింది.

“ఒలమ్మా, సక్కగా నడువ్! బేగి రా!”